ఆరు నక్షత్రాల అమ్మ

ఫ్రాన్స్‌లోని లియాన్ నగరంలో గైడ్ వెంట రుచులు చూస్తూ నడిచాం. మొదట చూసిన పెద్ద మార్కెట్‌కి పాల్ బొకూజ్ పేరు పెట్టారు. ఆయన వంట నేర్చుకున్న వాళ్లలో యూజెనీ బ్రాజియే ఒకరు.

1895లో పుట్టిన యూజెనీ పెళ్లికాకుండా తల్లయింది. తండ్రి ఇంట్లోంచి గెంటేస్తే లియాన్ వచ్చి ఒక ధనిక కుటుంబంలో పనికి చేరింది. అలా పెద్దిళ్లలో వండిన ఆడవాళ్లు ఎందరో సొంత భోజనశాలలు తెరిచారు. ఊరు వాళ్లని ‘అమ్మ’లంది. యూజెనీ 1921లో తెరిచింది. 1933లో ఆమె రెండు హోటళ్లకూ మిషలిన్ గైడు మూడేసి నక్షత్రాలిచ్చింది.

1998లో అలెన్ డుకాస్‌కి ఆరు నక్షత్రాలొస్తే, ఆ ఘనత సాధించిన మొదటివాడు ఆయనేనని పత్రికలు రాశాయి.

మగవాడు వండితే షెఫ్, ఆడది వండితే అమ్మ. అమ్మా అని పిలిచి, ఆమె పనిని లెక్కలోంచి తీసెయ్యడం మనకూ తెలియని విద్య కాదు.