కాగితం అడిగే చట్టం, కాగితం ఇవ్వవలసిన చట్టం

అమీర్‌పేట మైత్రీవనం కూడలిలో కాసేపు నిలబడితే రెండు వలసలు ఒకేచోట కనిపిస్తాయి. ఆదిత్య ఎన్‌క్లేవ్ భవనాల్లో జావా, ఒరాకిల్, టెస్టింగ్ నేర్చుకుని దేశం దాటాలనుకునే యువతరం ఒకటి. రోడ్డు నడిమధ్య మెట్రో స్తంభాలు నిలబెట్టి, పని అయిపోగానే మరో చోటికి తరలిపోయిన పరాయి రాష్ట్రాల కూలీలు రెండవది. మొదటివారిని పిలిచే కన్సల్టెన్సీ బోర్డులు పంజగుట్ట దాకా వరసగా ఉన్నాయి. రెండవవారి గుర్తుగా ఆ స్తంభాలు తప్ప మరేమీ మిగల్లేదు.

ఈ ఇద్దరి బతుకుల్నీ ఒక ప్రశ్న కలుపుతున్నది. వలస వచ్చిన మనిషిని పనిలో పెట్టుకునేవాడికి ఆ మనిషి కాగితాల విషయంలో ఏ బాధ్యత ఉన్నది? అమెరికా చట్టం దీనికి ఒక జవాబు చెప్పింది. మన చట్టం మరో జవాబు చెప్పింది. రెండు జవాబుల చరిత్రనూ పక్కపక్కన పెట్టి చూడవలసిన అవసరం ఉన్నది.

1942 నుంచి 1964 దాకా 'బ్రాసెరో' ఒప్పందం కింద అమెరికా పొలాలు మెక్సికో కూలీలను లక్షల సంఖ్యలో రప్పించుకున్నాయి. ఒప్పందంతో నిమిత్తం లేకుండా సరిహద్దు దాటినవాళ్లు గూడా ఆ పొలాల్లోనే పనిచేశారు. 1952 నాటి వలస చట్టం అనుమతి లేనివారికి ఆశ్రయమివ్వడం నేరమన్నది. అయితే పని ఇవ్వడం ఆశ్రయమివ్వడం కిందికి రాదని అదే చట్టం ఒక మినహాయింపు చేర్చుకున్నది. టెక్సాస్ పెద్దరైతుల ప్రయోజనం కోసం వచ్చింది కనుక దానికి 'టెక్సాస్ మినహాయింపు' అనే పేరు స్థిరపడింది. ముప్పై నాలుగేళ్లపాటు పనిచేసినవాడు దోషి, పనిచేయించుకున్నవాడు నిర్దోషి.

1986 నవంబరు 6న రీగన్ సంతకం చేసిన చట్టం ఈ మినహాయింపును తొలగించింది. అప్పటినుంచి పనిలో చేరే ప్రతి మనిషి విషయంలోనూ, అతడు ఆ దేశ పౌరుడైనా సరే, ఐ-9 అనే ఫారం నింపాలి. యజమాని గుర్తింపు కాగితాలూ పని అనుమతీ పరిశీలించి సంతకం పెట్టాలి. పైకి యజమానిని కట్టడి చేసే చట్టంలాగే కనిపిస్తుంది. కాని ఆచరణలో బరువు ఎటు మొగ్గిందో చూడాలి. కాగితాలు పైకి అసలైనవిగా కనిపిస్తే యజమాని బాధ్యత తీరుతుంది. అనుమతి లేదని తెలిసి పనిలో పెట్టుకున్నాడని రుజువైతేనే అతడికి శిక్ష. కార్మికుడు మాత్రం అబద్ధమాడితే శిక్షకు లోబడతానని అదే ఫారం మీద సంతకం చేస్తాడు. శిక్షకు భయపడిన యజమానులు యాస చూసి, ముఖం చూసి జనాన్ని వెనక్కి పంపుతున్నారని, ఈ వివక్ష విస్తృతంగా ఉన్నదని 1990లో అమెరికా ప్రభుత్వ లెక్కల తనిఖీ కార్యాలయమే నివేదించింది.

2002లో అమెరికా సుప్రీంకోర్టు హాఫ్‌మన్ ప్లాస్టిక్ కేసులో ఇచ్చిన తీర్పు ఈ చట్టం స్వభావాన్ని బయటపెట్టింది. యూనియన్ పెట్టడానికి సహకరించిన కార్మికుణ్ణి 1989లో కంపెనీ తొలగించింది. ఆ తొలగింపు చట్టవిరుద్ధమేనని కార్మిక సంబంధాల బోర్డు తేల్చింది. కాని అతను పనిలో చేరేటప్పుడు స్నేహితుడి జనన పత్రం చూపించాడు కనుక కోల్పోయిన వేతనం అడిగే హక్కు లేదని అయిదుగురు న్యాయమూర్తులు అన్నారు, నలుగురు కాదన్నారు. పనివాడి తప్పు యజమానికి దాదాపు 67,000 డాలర్లు మిగిల్చింది. కాగితం లేని మనిషి యూనియన్ జోలికి పోతే ఏమవుతుందో మిగతావాళ్లకు ఒక పాఠం గూడా చెప్పింది.

అమీర్‌పేట ఈ చరిత్రలోకి 1990 చట్టం ద్వారా వచ్చింది. ఆ చట్టం హెచ్-1బి అనుమతిని ఏర్పరచి ఏడాదికి 65,000 పరిమితి పెట్టింది. 2000 సంవత్సరం వస్తే కంప్యూటర్ల తేదీలు తారుమారవుతాయన్న భయం పట్టుకున్నప్పుడు ఆ పరిమితి 1,15,000కు, తర్వాత 1,95,000కు పెరిగింది. 2004 నాటికి మళ్లీ 65,000కు దిగింది. పెట్టుబడికి నీళ్లు కావలసినప్పుడు తూము ఎత్తారు, చాలుననుకున్నప్పుడు దించారు. తూముకు ఇవతల అమీర్‌పేట పుట్టి పెరిగింది. మూడు నెలల కోర్సుతోపాటు లేని అనుభవానికి ధ్రువపత్రాలు అమ్మే దళారీతనం గూడా దాని వెంటే పెరిగింది.

హెచ్-1బిలో పనివాడి నివాసార్హత యజమాని వేసిన దరఖాస్తు మీదే నిలుస్తుంది. ఉద్యోగం పోతే గరిష్ఠంగా 60 రోజుల్లో మరో యజమానిని వెతుక్కోవాలి, లేదా అనుమతి మరో రకంగా మార్చుకోవాలి, కాదంటే దేశం వదలాలి. ఇటువంటి మనిషి ఓవర్‌టైం గురించి అడగగలడా? 2011లో కాలిఫోర్నియాలోని ట్రైవ్యాలీ విశ్వవిద్యాలయం మూతపడినప్పుడు మన పిల్లల కాళ్లకు రేడియో పట్టీలు తగిలించారు. డెట్రాయిట్ దగ్గర ఫార్మింగ్టన్ పేరుతో వలస పోలీసులే దొంగ విశ్వవిద్యాలయం తెరిచి, చేరినవాళ్లను 2019లో పట్టుకున్నారు. మొదటి వారాల్లోనే అరెస్టయిన భారతీయ విద్యార్థులు 129 మంది. వారిలో తెలుగువారు చాలామంది.

తప్పుడు కాగితం పెట్టినవాణ్ణి వెనకేసుకు రావడం ఎందుకని కొందరు అడగవచ్చు. తప్పుడు కాగితాన్ని సమర్థించడం ఈ వ్యాసం ఉద్దేశం కాదు. చేసిన పనికి కూలి ఇవ్వవలసిన బాధ్యత ఆ కాగితంతో ఎందుకు రద్దవాలన్నదే ప్రశ్న.

ఇక మన చట్టం చూద్దాం. ఒడిశా 'దాదన్' కూలీల దుస్థితి చర్చకు వచ్చాక 1979లో పార్లమెంటు అంతర్రాష్ట్ర వలస కార్మికుల చట్టం చేసింది. అమెరికా చట్టం పనివాణ్ణి కాగితం అడగమంటే, ఈ చట్టం పనివాడికి కాగితం ఇవ్వమన్నది. అయిదుగురు, అంతకు మించి ఇటువంటి కూలీలున్న చోట కాంట్రాక్టరు లైసెన్సు తీసుకోవాలన్నది. ప్రతి కూలీకీ ఫోటో అంటించిన పాస్‌బుక్కు ఇవ్వాలన్నది. అందులో పని వివరాలు, కూలి రేటు, ఇచ్చిన అడ్వాన్సు రాయాలి. దారి ఖర్చులు భరించాలి. కాంట్రాక్టరు కూలి ఎగ్గొడితే అసలు యజమాని చెల్లించాలి. పాలమూరు గుంపు మేస్త్రీల కింద ఊరూరా ఆనకట్టలు కట్టిన మన కూలీల అనుభవం తెలిసినవాళ్లకు, అడ్వాన్సు లెక్క కాగితం మీదకు రావడం ఎంత పెద్ద విషయమో చెప్పనక్కర్లేదు.

ఆ పాస్‌బుక్కు చూసిన కూలీ ఎక్కడున్నాడు? 1982లో ఢిల్లీ ఏషియాడ్ కట్టడాల కూలీల కేసులో సుప్రీంకోర్టు, కనీస వేతనం కన్నా తక్కువిచ్చి పనిచేయించుకోవడం వెట్టిచాకిరీయేనని తీర్పు చెప్పింది. తీర్పు న్యాయశాస్త్ర పుస్తకాల్లో నిలిచింది. పనిచోట్లకు పెద్దగా రాలేదు.

2020 మార్చిలో నాలుగు గంటల వ్యవధితో దేశాన్ని మూసినప్పుడు ఆ లోటు బయటపడింది. సంగారెడ్డి జిల్లా కంది దగ్గర కట్టడాల కూలీలు ఏప్రిల్ చివర్లో బకాయి కూలి కోసం, ఇంటిదారి కోసం తిరగబడ్డారు. మే 1న దేశంలో మొదటి శ్రామిక్ రైలు లింగంపల్లి నుంచి జార్ఖండ్‌లోని హటియాకు సుమారు 1,200 మందితో బయలుదేరింది. దారుల్లో ఎంతమంది చనిపోయారని ఆ సెప్టెంబరులో పార్లమెంటులో అడిగితే లెక్కలు లేవని కేంద్రం జవాబు చెప్పింది. కూలీల రిజిస్టరు రాయని యజమానులున్న దేశంలో చావుల రిజిస్టరు ఎక్కణ్ణుంచి వస్తుంది? ఆ నెలలోనే ఆమోదించిన కొత్త కార్మిక కోడ్ 1979 చట్టాన్ని తనలో కలుపుకుని, అయిదుగురు అన్నచోట పదిమంది అని మార్చింది.

కనుక రెండు చట్టాల చరిత్రా ఒకే సంగతి చెబుతున్నది. కాగితం కార్మికుణ్ణి కట్టేసేదయితే దాన్ని అడగడానికి కంప్యూటర్లు, పోలీసులు, దొంగ విశ్వవిద్యాలయాలు గూడా తయారవుతాయి. కాగితం యజమానిని కట్టేసేదయితే దాన్ని ముద్రించడానికే మనిషి దొరకడు.

అమీర్‌పేట యువకుడు, మెట్రో కూలీ ఒకే వర్గం అనడం సరికాదు. ఒకరి వెనక తండ్రి పొలం, ఇంజినీరింగు డిగ్రీ ఉంటాయి. మరొకరి వెనక అడ్వాన్సు అప్పు ఉంటుంది. అయినా బకాయి వేతనం అడిగిన రోజున ఇద్దరి ఎదుటా నిలిచేది ఒకటే బెదిరింపు: నీ కాగితమేదీ? ముందు కూలి లెక్క రాసిన నీ కాగితం చూపించమని యజమానిని నిలదీసే రోజు రావాలి. అందుకు చట్టం 1979లోనే చోటిచ్చింది. ఆ చోటును కార్మికోద్యమం ఇంకా ఆక్రమించుకోవలసే ఉన్నది.