హేఫీల్డ్ బస్సు, కిండర్ కొండ: నడిచే హక్కు కథ

ఈసారి ఒక బస్సు గురించీ, ఒక కొండ గురించీ కొంచెం చరిత్ర రాస్తున్నాను. ఎప్పటిలాగే చిన్న వాక్యాలే. నాలాగా ఇంగ్లీషు మీడియంలో చదివి, పెద్దయ్యాక తెలుగు నేర్చుకుంటున్నవాళ్ళు మెల్లగా చదువుకోవచ్చు.

మాంచెస్టర్ పక్కనే ఉన్న స్టాక్‌పోర్ట్‌లో 358 నంబరు బస్సు ఎక్కితే, మార్పుల్, న్యూ మిల్స్ మీదుగా హేఫీల్డ్ వెళ్తుంది. హేఫీల్డ్ డెర్బీషైర్‌లో ఒక చిన్న ఊరు. ఆ ఊరి వెనకాల కిండర్ స్కౌట్ అనే పెద్ద కొండ ఉంది. ఎత్తు 636 మీటర్లు. దానికి మొనదేలిన శిఖరం ఉండదు. పైన అంతా చదునే. నల్లటి తడి నేల, గడ్డి, హెదర్ పొదలు. చెట్లు దాదాపు లేవు. ఇలాంటి నేలని ఇక్కడ మూర్ అంటారు. తెలుగులో దీనికి సరిపోయే మాట నాకు దొరకలేదు, అందుకని బంజరు అని రాస్తాను. బంజరు అంటే సాగు చెయ్యకుండా వదిలేసిన నేల.

ఈ రోజు ఆ బంజరు మీద ఎవరైనా నడవచ్చు. వందేళ్ళ కిందట అలా కుదిరేది కాదు.

ఒకప్పుడు ఇంగ్లండ్‌లో చాలా చోట్ల ఉమ్మడి భూములు ఉండేవి. ఉమ్మడి అనే మాట మీకు ఉమ్మడి కుటుంబం నుంచి తెలిసే ఉంటుంది. ఊళ్ళో వాళ్ళు అక్కడ పశువులు మేపుకునేవారు, పొయ్యిలోకి కట్టెలు తెచ్చుకునేవారు. 18, 19 శతాబ్దాల్లో పార్లమెంటు ఒక్కొక్క ప్రాంతానికీ ఒక్కొక్క చట్టం చేసి, ఈ భూముల్ని పంచి కంచెలు వేయించింది. ఎక్కువ భాగం పెద్ద భూస్వాములకే పోయింది. కిండర్ లాంటి కొండల మీద వాళ్ళు గ్రౌస్ అనే పక్షుల్ని పెంచి వేటాడేవారు. వేట ఆగస్టు 12న మొదలవుతుంది. ఏడాదిలో కొద్దిరోజుల వేట కోసం, మిగతా రోజులన్నీ కాపలావాళ్ళు మనుషుల్ని కొండ ఎక్కనిచ్చేవారు కాదు.

కొండ చుట్టూ ఉన్నవి మిల్లుల ఊళ్ళు. మాంచెస్టర్, స్టాక్‌పోర్ట్, అటువైపు షెఫీల్డ్. వారమంతా పొగలో, యంత్రాల మోతలో పనిచేసేవాళ్ళకి ఆదివారం ఒక్కటే సెలవు. కొండ కళ్ళ ముందు కనిపిస్తుంది. కాలు పెట్టడానికి లేదు.

ఇక్కడ మన మాట ఒకటి చెప్తాను. మా అమ్మమ్మగారిది గోదావరి జిల్లా. అక్కడ పొలాల మధ్య బళ్ళు వెళ్ళే దారిని పుంత అంటారు. గుంటూరు వైపు డొంక అంటారు. పుంత ఏ ఒక్కరి సొంతమూ కాదు. పక్క పొలం రైతు దాన్ని దున్ని తన చేలో కలుపుకుంటే ఊరు ఊరుకోదు. ఇక్కడి పబ్లిక్ ఫుట్‌పాత్ కూడా ఇంచుమించు అలాంటిదే. ఒక్క తేడా ఉంది. ఇక్కడ నేల యజమానిదే, దాని మీద నడిచే హక్కు మాత్రం అందరిదీ. కానీ ఆ హక్కుని ఎవరో ఒకరు కాపాడుతూ ఉండాలి. నడవడం మానేస్తే ముళ్ళు మొలుస్తాయి, తర్వాత గేటుకి తాళం పడుతుంది.

అలా కాపాడటానికి 1894లో మాంచెస్టర్‌లో ఒక సంఘం పెట్టారు. దాని పేరు ఇప్పుడు పీక్ అండ్ నార్దర్న్ ఫుట్‌పాత్స్ సొసైటీ. వాళ్ళు భూస్వాములతో ఓపిగ్గా మాట్లాడి, 1897లో హేఫీల్డ్ నుంచి కిండర్ పక్కగా వెళ్ళే స్నేక్ పాత్ అనే బాటని తెరిపించారు. వాళ్ళ ఆకుపచ్చ బోర్డులు ఈ రోజుకీ ఆ దారుల్లో కనిపిస్తాయి. కానీ తెరిచింది ఒక్క బాటే. బాట దిగి పక్కకి వెళ్తే మళ్ళీ కాపలావాళ్ళే.

1932 ఏప్రిల్ 24, ఆదివారం. హేఫీల్డ్ దాటాక బోడెన్ బ్రిడ్జి దగ్గర ఉన్న పాత రాతి క్వారీలో జనం గుమిగూడారు. నాలుగైదు వందల మంది అని అప్పటి పత్రిక రాసింది. ఎక్కువమంది పని చేసుకునే కుర్రాళ్ళు, అమ్మాయిలు. వాళ్ళకి ముందు నిలబడి మాట్లాడినవాడు బెన్నీ రోత్‌మన్. వయసు ఇరవై ఏళ్ళు. రొమేనియా నుంచి వలస వచ్చిన యూదు కుటుంబం వాళ్ళది. అంటే అతను మన పిల్లల్లాగే వలస వచ్చినవాళ్ళ బిడ్డ, ఇక్కడే పుట్టినవాడు. స్టేషన్‌లో పోలీసులు ఆపుతారేమో అని అతను రైలు ఎక్కకుండా సైకిల్ మీద వచ్చాడు.

అందరూ కలిసి విలియం క్లఫ్ అనే లోయ దారిన నడిచి, బాట వదిలి కొండ ఎక్కారు. కాపలావాళ్ళు కర్రలతో అడ్డం వచ్చారు. తోపులాట జరిగింది, ఒక కాపలాదారుకి దెబ్బ తగిలింది. పైన షెఫీల్డ్ వైపు నుంచి వచ్చిన గుంపుని కలుసుకుని, కాసేపు సంతోషపడి దిగివచ్చారు. కింద పోలీసులు కాచుకుని ఉన్నారు. మొత్తం ఆరుగురిని పట్టుకున్నారు. ఇతరుల నేల మీద నడవడం అప్పట్లో నేరం కాదు, అది సివిల్ తగాదా మాత్రమే. అందుకని అల్లరిమూకగా చేరడం, కొట్టడం లాంటి నేరాలు మోపారు. ఐదుగురికి రెండు నెలల నుంచి ఆరు నెలల దాకా జైలు శిక్ష పడింది.

ఆ శిక్షలు విని దేశంలో చాలామందికి కోపం వచ్చింది. అయితే ఆనాటి నడక సంఘాల పెద్దలు కొందరు ఈ కుర్రాళ్ళని మెచ్చుకోలేదు. ఇన్నాళ్ళ మా చర్చలు పాడుచేశారు అన్నారు. ఎవరివల్ల ఎక్కువ మేలు జరిగిందో చరిత్రకారులు ఇప్పటికీ వాదించుకుంటారు. నాకైతే రెండూ కావాల్సి వచ్చాయి అనిపిస్తుంది. ఓపిగ్గా అర్జీ రాసేవాళ్ళు ఉండాలి, ఒక రోజు లేచి నడిచేవాళ్ళూ ఉండాలి.

ఫలితం మెల్లగా వచ్చింది. 1949లో నేషనల్ పార్కుల చట్టం వచ్చింది. 1951లో మొదటి నేషనల్ పార్కుగా పీక్ డిస్ట్రిక్ట్‌ని ప్రకటించారు. కిండర్ దాని లోపలే ఉంది. 2000లో ఇంకో చట్టం వచ్చి, కొండలు, బంజర్లు, ఉమ్మడి భూముల మీద బాట వదిలి కూడా నడిచే హక్కు ఇచ్చింది. ఇది ఇంగ్లండ్ నేలలో దాదాపు 8 శాతం. 2002లో, ఆ నడకకి 70 ఏళ్ళు నిండినప్పుడు, డెవన్‌షైర్ డ్యూక్ హేఫీల్డ్ వచ్చి క్షమాపణ చెప్పారు. 1932లో కొండ ఆయన తాతగారిది. బెన్నీ రోత్‌మన్ అది వినలేదు. ఆ సంవత్సరం జనవరిలోనే పోయారు.

చరిత్ర పుస్తకాలు ఈ కథని సాధారణంగా ఇక్కడ ఆపుతాయి. నేను బస్సు గురించి కూడా చెప్పాలి.

1932లో ఆ జనంలో కారు ఉన్నవాళ్ళు ఎంతమంది ఉంటారు? కొండకి చేరడానికి చవకగా రైలు ఉంది. హేఫీల్డ్ రైలు మార్గం 1868లో తెరిచారు. ఆదివారాలు మాంచెస్టర్ నుంచి నడకవాళ్ళు దాంట్లోనే వచ్చేవారు. 1970 జనవరిలో దాన్ని మూసేశారు. నేషనల్ పార్కు వచ్చింది, రైలు పోయింది. పట్టాలు తీసేసిన దారి ఇప్పుడు సెట్ వ్యాలీ ట్రెయిల్ అనే నడకదారి. పాత స్టేషన్ ఉన్నచోట ఇప్పుడు బస్సులు ఆగుతాయి.

బస్సు కథ కూడా సాఫీగా లేదు. 1986 అక్టోబరు నుంచి, లండన్ బయట బస్సు ఏ దారిలో నడపాలో కంపెనీలే తేల్చుకున్నాయి. లాభం లేని దారికి కౌన్సిల్ డబ్బు ఇస్తేనే బస్సు. కౌన్సిల్ దగ్గర డబ్బు తగ్గితే ముందు పోయేవి పల్లెటూరి బస్సులు, ఆదివారం బస్సులు. గ్రేటర్ మాంచెస్టర్‌లో మాత్రం 2025 జనవరికల్లా బస్సులన్నీ మళ్ళీ ప్రభుత్వ అదుపులోకి వచ్చాయి.

ఇది నాకు ఎందుకు ముఖ్యమో చెప్తాను. మా గుడి వంటశాలలో నాతో పాటు సేవ చేసే అక్కలు కొందరికి డ్రైవింగ్ రాదు. ఇన్నాళ్ళూ ఇంట్లో ఆయన నడిపేవారు. ఇప్పుడు కొందరికి ఆయన లేరు. కొందరి ఇంట్లో ఆయనకి చూపు తగ్గి కారు అమ్మేశారు. పిల్లలు దూరంగా ఉంటారు. వీళ్ళకి చట్టం 2000లో ఇచ్చిన హక్కు కాగితం మీద అలాగే ఉంది. బస్సు ఆగిపోయిన రోజు ఆ హక్కు వాళ్ళకి లేనట్టే. ఆ గేటుకి తాళం ఉండదు, అయినా అది మూసినట్టే.

ఇంగ్లండ్‌లో పింఛను వయసు వచ్చినవాళ్ళకి బస్సు పాస్ ఉంది. 2008 నుంచి అది దేశమంతా చెల్లుతుంది. మామూలు రోజుల్లో పొద్దున్న 9:30 తర్వాత, శని ఆదివారాలు రోజంతా ఉచితం. పాస్ పర్సులో పెట్టుకుని ఒక్కసారి కూడా ఊరు దాటనివాళ్ళు నాకు చాలామంది తెలుసు.

కిండర్ పైకి ఎక్కాలంటే మంచి బూట్లు, మ్యాపు, మంచి వాతావరణం కావాలి. అందరూ ఎక్కనక్కర్లేదు. బస్సు దిగి కిండర్ రోడ్డు పట్టుకుని నడిస్తే, మైలు లోపే ఆ క్వారీ వస్తుంది. రాతి గోడకి 1932 నడక గుర్తుగా ఒక ఫలకం ఉంది. మోకాళ్ళ నొప్పులు ఉన్నవాళ్ళు సెట్ వ్యాలీ ట్రెయిల్ మీద న్యూ మిల్స్ దాకా రెండున్నర మైళ్ళు నడవచ్చు. దాదాపు చదునైన దారి. న్యూ మిల్స్‌లో మళ్ళీ బస్సు, రైలు రెండూ ఉంటాయి. పులిహోర డబ్బా, మంచినీళ్ళు, గొడుగు మర్చిపోవద్దు. తిరుగు బస్సు ఎన్నింటికో దిగగానే చూసుకోండి.

పుంత నడిస్తేనే పుంతగా ఉంటుంది. బస్సు కూడా అంతే, ఎక్కేవాళ్ళు ఉంటేనే ఉంటుంది. మీ ఊరి నుంచి పొలాల వైపు వెళ్ళే బస్సు ఏదో చూడండి. ఈ నెలలో ఒక పెద్దావిడని తోడు తీసుకుని ఎక్కండి. దారిలో తెలుగులో మాట్లాడుకోండి, మాటలు కూడా వాడితేనే నిలుస్తాయి.