పప్పుకు మంచినీళ్ళు, మల్లెకు కావు

నీళ్ళు మంచివో కావో తేల్చడానికి మన ఆడవాళ్ళకు లేబొరేటరీలు అక్కర్లేదు. ఎసట్లో గుప్పెడు కందిపప్పు వేస్తే చాలు. పప్పు మెత్తగా ఉడికి, సబ్బు నురగ కట్టిందంటే మంచినీళ్ళు. లేదంటే ఉప్పునీళ్ళు. ఈ పరీక్ష మీద నాకెంతో నమ్మకం ఉండేది. జమ్మలమడుగు కోడలిగా వెళ్ళిన ఏడాదే ఆ నమ్మకం ఒక మల్లెచెట్టు ప్రాణం తీసింది.

నేను పుట్టింది ప్రొద్దుటూరు దగ్గర, కేసీ కాలువ కింద పల్లెలో. అక్కడ చెట్టు పెంచడం అంటే కొమ్మ గుచ్చి మరిచిపోవడమే. ఆ ధీమాతోనే పుట్టింటి నుంచి మల్లె అంటు తెచ్చుకుని అత్తవారి పెరట్లో నాటాను. పెరటి బావి నీళ్ళు నోటికి చప్పగా, చేతికి కాస్త జిడ్డుగా ఉండేవి గానీ, వాటితో పప్పు వెన్నలా ఉడికేది. ఇంకేం! రోజూ రెండు బిందెలు పోశాను. నెల తిరిగేసరికి ఆకుల కొసలు మాడాయి. దాహమేమో పాపం అని ఇంకో బిందె పెంచాను. పాదులో నీళ్ళు ఇంకడం మానేశాయి. మన్ను పైన తెల్లటి పొర, ఎండితే పెంకులాంటి గట్టిదనం.

మా అత్త వచ్చి చూసి, "ఏం పాపా, సోడానీళ్ళు పోసి దాన్ని సంపుతాండావే!" అంది.

"పప్పు బాగా ఉడుకుతాంది గదత్తా?"

"పప్పు ఉడికేది సోడాకే. చెట్టు ఉడికితే బతుకుతాదా?"

నాకు కోపం వచ్చిన మాట నిజం. ఆవిడ మాటలోని సంగతి తర్వాతెప్పుడో పుస్తకాలు తిరగేస్తే గానీ బోధపడలేదు. సున్నం, మెగ్నీషియం ఎక్కువున్న నీళ్ళకు పప్పు ఉడకదు, సబ్బు విరుగుతుంది. సోడియం బైకార్బొనేట్, అంటే మన వంటసోడా, ఉన్న నీళ్ళు సరిగ్గా దానికి ఎదురు. వంటింట్లో వాటంత మంచివి లేవు. మట్టిలోకి వెళ్తే మాత్రం కథ తారుమారవుతుంది. బంకమట్టి రేణువులను గుత్తులుగా పట్టి ఉంచేది సున్నం. సోడియం ఆ గుత్తులను విడగొడుతుంది. విడిపోయిన రేణువులు సందులన్నిట్లో కూరుకుని నీటికీ గాలికీ దారి మూసేస్తాయి. అమెరికాలో రివర్‌సైడ్ అనే ఊళ్ళోని లవణ పరిశోధనశాల వారు 1954లో ఒక చేతిపుస్తకం వేశారు. నీళ్ళలో మొత్తం ఉప్పెంత అని చూస్తే చాలదు, సున్నం, మెగ్నీషియంలతో పోలిస్తే సోడియం పాలెంతో కూడా చూడాలని అందులో లెక్కలు కట్టి చూపారు. మా అత్త ఆ లెక్క పాదు చూసి కట్టేసింది.

అప్పట్నుంచీ మా కేసీ కాలువ చరిత్ర కూడా నాకు వేరేగా కనబడడం మొదలైంది. కాటన్ దొర ఆలోచనల ఊపులో లండన్ డబ్బుతో మద్రాస్ ఇరిగేషన్ అండ్ కెనాల్ కంపెనీ పెట్టారు. పది లక్షల పౌన్ల పెట్టుబడికి ఏటా నూటికి 5 వడ్డీ వచ్చేట్టు ప్రభుత్వమే హామీ ఇచ్చింది. తుంగభద్ర మీద సుంకేసుల దగ్గర ఆనకట్ట కట్టి, అక్కణ్ణుంచి కడప దాకా సుమారు 300 కిలోమీటర్ల కాలువను 1863, 1870ల మధ్య తవ్వారు. పొలాలకు నీళ్ళూ పారతాయి, పడవలూ నడుస్తాయి, డబ్బు వచ్చి పడుతుంది అనుకున్నారు. కాలువైతే వచ్చింది గానీ, నీళ్ళు తీసుకునే రైతులే కరువయ్యారు!

గడప ముందుకొచ్చిన తుంగభద్రను వద్దనడం తెలివితక్కువ అనిపిస్తుంది. నాకూ అలాగే అనిపించేది, మల్లె చచ్చేదాకా. నీటి తీరువ భారం ఒకటి ఉంది, కాదనను. కానీ నల్లరేగడి సంగతి వేరు. ఒకసారి తడిస్తే నెలల తరబడి చెమ్మ దాచుకుని జొన్ననూ పత్తినీ పండిస్తుంది. దాన్ని ఊరికే తడిపితే నీరు దిగక, ఊటమట్టం పైకొచ్చి, అడుగున పడి ఉన్న ఉప్పు వత్తిలో నూనె ఎగబాకినట్టు వేళ్ళ దాకా ఎక్కుతుంది. పోసింది తియ్యటి నీళ్ళే అయినా సరే. ఆ నేలల కింద ఉప్పుందని ఆ రైతులకు ఒకరు చెప్పాలా? చవుడుమన్ను నీళ్ళలో కలిపి, వడగట్టి, ఎండబెట్టి ఉప్పు తీసే వృత్తి ఈ జిల్లాల్లో ఉండేది. ఉప్పు పన్ను కోసం తెల్లవాళ్ళ ప్రభుత్వం దాన్ని మాన్పించింది.

1876లో ధాత కరువు వచ్చింది. 1878 దాకా వదల్లేదు. ఆకలి ముందు చవుడు భయం నిలవదు. రైతులు కాలువకు మడవలు తెరిచారు. కంపెనీ మాత్రం అప్పటికే నిండా మునిగి ఉంది. 1882లో ప్రభుత్వం కాలువను కొనేసింది. తర్వాత వరి, పసుపు ఆ నీళ్ళకు బాగా అలవాటుపడ్డాయి. మురుగు పోయే వాలున్న చేలల్లో బంగారం పండింది. పల్లపు చేలల్లో తెల్లగా పూసిన ఉప్పు మీద నేను చిన్నప్పుడు వేలితో బొమ్మలు గీసేదాన్ని.

మా అక్కను పులివెందుల ఇచ్చారు. వాళ్ళ బాధ మాకు తలకిందులు. అటువైపు కొండలు సున్నపురాయి, డోలమైటు. బోరునీళ్ళు కాచిన బిందెకు అడుగున తెల్లటి అట్ట కడుతుంది, పప్పు మధ్యాహ్నం దాకా ఉడకదు. అయినా ఆ నీళ్ళతో మన్ను పెంకు కట్టదు. చీనీచెట్లు నిలుస్తాయి. కాకపోతే సున్నం ఎక్కువైతే చెట్టుకు ఇనుము అందదు. ఈనెలు పచ్చగా ఉండి, మధ్యలో లేతాకు పసుపెక్కుతుంది. పైగా చీనీకి ఉప్పు గిట్టదు. వానలు మొహం చాటేసి బోర్లు లోతుకు పోయిన ఏళ్ళలో ట్యాంకర్లతో నీళ్ళు కొని తోటలు కాపాడుకున్న వాళ్ళున్నారు. కాపాడుకోలేక గొడ్డలి పట్టిన వాళ్ళూ ఉన్నారు.

ఇప్పుడు శ్రీశైలం వైపు నుంచి కృష్ణ నీళ్ళు గండికోట జలాశయానికి వస్తున్నాయి. దాని నిలువ సామర్థ్యం 26.85 టీఎంసీలు. అక్కణ్ణుంచి ఎత్తిపోస్తే పార్నపల్లె దగ్గరి చిత్రావతి జలాశయానికి చేరి, పులివెందుల తోటలకు పారుతున్నాయి. ఆ నిలువ కోసం తాళ్ళప్రొద్దుటూరు లాంటి ఊళ్ళు మునిగాయి. అక్కడి పెరళ్ళలోనూ మల్లెలు ఉండే ఉంటాయి.

మా పెరట్లో మరో అంటు అత్తే నాటింది. గుంత తీసి, ఎరువుల అంగట్లో తెప్పించిన జిప్సం రెండు గంపలు మన్నులో కలిపింది. జిప్సంలోని సున్నం సోడియాన్ని తరిమేస్తుంది. తొట్లో పట్టిన వాననీళ్ళూ, బియ్యం కడిగిన నీళ్ళూ పోసింది. బావి నీళ్ళు ఆ పాదు దరిదాపులకు రానివ్వలేదు. రెండో వేసవికి మూరెడు పూలొచ్చాయి.

అక్క పులివెందుల నుంచి వచ్చినప్పుడల్లా పూలు తలలో పెట్టుకునేది. పొయ్యేటప్పుడు మాత్రం మా బావి నీళ్ళు క్యాను నిండా పట్టుకుపోయేది, పప్పుకట.