అంటుకోకుండా చదువెలా వస్తుంది?

ఉత్తరాంధ్రలో మన చదువుల చరిత్ర – 9వ భాగం



పోయిన భాగంలో వీధిబడుల గురించి రాశాను. అరుగు మీద పంతులు, అరుగు కింద మన పిల్లలు కూడా కాదు, వీధి చివర మన పిల్లలు. ఈసారి అంత పాతది కాదు, మొన్నటి సంగతి. మొన్నటిది చరిత్ర ఎలా అవుతుందని కొందరు అడుగుతారు. 2020 అప్పుడే మన జ్ఞాపకంలో నాలుగు మాస్కులు, రెండు జోకులుగా కుదించుకుపోయింది. అందుకే ఇప్పుడే రాయాలి.

నా దగ్గర ఆ ఏడాది హాజరు పట్టీ ఉంది. ఆన్‌లైన్ క్లాసులు మొదలైన కొత్తలో రోజూ పేర్లు పిలిచి రాసుకున్నది. అందులో ఒక అమ్మాయి పేరు ఎదురుగా వరసగా ‘ఆ’లు. ఆబ్సెంట్. భోగాపురం వైపు నుంచి వచ్చే అమ్మాయి, మొదటి ఏడాది ముందు బెంచీలో కూర్చునేది. నేను విజయనగరంలో అద్దె గదిలో ఫ్యాన్ కింద కూర్చుని ‘నెట్ లేదేమో’ అనుకున్నాను. తర్వాత ‘చదువు మీద శ్రద్ధ పోయింది’ అనుకున్నాను. ఫోన్ చేసి అడగలేదు. దళిత సాహిత్యం మీద డాక్టరేట్ చేసినవాణ్ని, ఒక రెల్లి అమ్మాయికి ఆబ్సెంట్ వేసి ఊరుకున్నాను. ఈ మాట ముందే చెప్పుకోకపోతే మిగతా వ్యాసం రాసే హక్కు నాకు లేదు.

సంగతి 2021 ఫిబ్రవరిలో తెలిసింది. ప్రాథమిక బడులు కూడా తెరిచిన నెల అది. ఒక మిత్రుడితో కలిసి వాళ్ల పేటకు వెళ్లాను. (పేట పేరు, మనుషుల పేర్లు రాయను.) ఆ అమ్మాయికి తొమ్మిదేళ్ల తమ్ముడున్నాడు. పుట్టుకతోనే సెరిబ్రల్ పాల్సీ. కాళ్లు బిగుసుకుపోయి ఉంటాయి, మాట పూర్తిగా రాదు, అన్నీ అర్థమవుతాయి. తండ్రి లేడు. తల్లి పంచాయతీలో చెత్త ఎత్తే పని. ఆ పనికి అప్పుడు సర్కారు పెట్టిన పేరు ‘గ్రీన్ అంబాసిడర్’. 2020 మార్చి 22న దేశమంతా చప్పట్లు కొట్టింది వీళ్ల కోసమే కదా. తర్వాత 2021 అక్టోబరులో క్లాప్ అని ఒక కార్యక్రమం వచ్చాక పేరు ‘క్లాప్ మిత్ర’ అయింది. పేరు మారింది, చీపురు మారలేదు.

ఇప్పుడు ఆ ఇంటి లెక్క చూడండి. లాక్‌డౌన్‌లో అందరూ ఇంట్లో ఉండాలి. ఆ తల్లి మాత్రం తెల్లారి అయిదింటికి వెళ్లాలి, లేకపోతే ఊరు కంపు కొడుతుంది. ఇంట్లో ఉన్నది అమ్మాయి, తమ్ముడు, చూపు మందగించిన అమ్మమ్మ. ఒక్క ఫోను. ఆ ఫోనులోనే అక్క డిగ్రీ క్లాసు రావాలి, దానిలోనే తమ్ముడి కాళ్లకు చేయించాల్సిన వ్యాయామం వీడియో రావాలి. అక్క వీడియో ఎంచుకుంది. నేను ఆబ్సెంట్ వేశాను.

ఆ వీడియో ఎక్కడిదంటే, కొంచెం వివరంగా చెప్పాలి. మన విద్యార్థి సంఘాల్లో ఎంతమందికి ఈ ఏర్పాటు గురించి తెలుసో నాకు అనుమానమే. సమగ్ర శిక్ష కింద మండలాల్లో ‘భవిత’ కేంద్రాలుంటాయి. ప్రత్యేక అవసరాలున్న పిల్లలు అక్కడికి వస్తారు. వాళ్లకు పాఠం చెప్పేవాళ్లను ఐఈఆర్‌టీలు అంటారు, ఎక్కువమంది కాంట్రాక్టు మీదే. ఫిజియోథెరపిస్టు కొన్ని రోజులు వచ్చి కాళ్లూ చేతులూ సాగదీయిస్తారు. అక్కడికి కూడా రాలేని పిల్లల ఇంటికి ఐఈఆర్‌టీ వెళ్లి చెప్పాలి. 2009 విద్యాహక్కు చట్టానికి 2012లో చేసిన సవరణ, తీవ్ర వైకల్యం, ఒకటికి మించిన వైకల్యాలు ఉన్న పిల్లలకు ఇంటి దగ్గరే చదువుకునే హక్కునిచ్చింది. అంటే కరోనా రాకముందే ‘ఇంటి చదువు’ మన చట్టంలో ఉంది. జూమ్ కనిపెట్టింది కాదు అది.

2020 మార్చి 19 నుంచి రాష్ట్రంలో బడులు మూతపడ్డాయి. భవిత కేంద్రాలూ మూతపడ్డాయి, ఇంటికి వచ్చే టీచరూ ఆగిపోయింది. ఇతర పిల్లలకు సప్తగిరి ఛానల్లో పాఠాలు వచ్చాయి, రేడియోలో పాఠాలు వచ్చాయి. తక్కువేమీ కాదు, నేను తీసిపారేయను. కానీ చూపు లేని పిల్లకు టీవీ, వినికిడి లేని పిల్లాడికి రేడియో! చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టు అనే సామెత మనం ఎగతాళికి వాడతాం. ఆ ఏడాది దాన్ని విధానంగా అమలు చేశారు. ఐఈఆర్‌టీలు కొందరు సొంత ఫోన్లలో వీడియోలు తీసి వాట్సాప్‌లో పంపారు. ఆ అమ్మాయికి వచ్చిందీ అలాంటిదే. ఎవరో ఒక టీచరమ్మ బొమ్మ కాళ్లు పట్టుకుని మోకాలు ఎలా వంచాలో చూపిస్తుంది. ఆ టీచరమ్మకు దండం.

వ్యాయామం ఆగితే ఏమవుతుందో తెలుసా? కండరం పొట్టిదవుతుంది. ఆరునెలలు ఆగిన పాఠాన్ని మళ్లీ చెప్పుకోవచ్చు. ఆరునెలలు సాగదీయని మడమ మళ్లీ నేలకు ఆనడం అంత సులువు కాదు. ఈ పిల్లలకు చదువు, వైద్యం వేరువేరు కాదు. పలక పట్టుకోవాలంటే ముందు వేళ్లు విచ్చుకోవాలి.

ఇక్కడ నా తెలుగు లెక్చరర్ బుద్ధి ఒకటి అడ్డం వస్తుంది, భరించండి. మన భాషలో ‘అంటు’ అనే మాట చూడండి. అంటువ్యాధి. అంటరానితనం. రోగానికీ కులానికీ ఒకే ధాతువు. ముట్టుకుంటే పాకేది రెండూ. 2020లో ప్రభుత్వాలు మొదట చెప్పిన మాట ‘సామాజిక దూరం’. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆ మార్చిలోనే ‘భౌతిక దూరం’ అందాం అంది, మన దగ్గర పాత మాటే నిలబడింది. నిలబడదా మరి, ఇక్కడ దానికి వేల ఏళ్ల అలవాటుంది. ఊరివాళ్లు చెత్తబండి వచ్చినప్పుడు తల్లికి దూరంగా నిలబడి సంచీ విసిరేవాళ్లట. ‘కరోనాకు ముందు గూడా అలాగే ఇసిరేవోరు బాబూ, అప్పుడు దానికి పేరు లేదు’ అంది ఆమె.

మరి చూపులేని పిల్లలు, చూపూ వినికిడీ రెండూ లేని పిల్లలు, ఈ బాబు లాంటి పిల్లలు నేర్చుకునేదే స్పర్శతో కదా. చేయి పట్టి దిద్దించాలి. గడ్డం పట్టి ముఖం తిప్పాలి. వినికిడి లేనివాళ్లు పెదవులు చూసి అర్థం చేసుకుంటారు, మాస్కు వచ్చి ఆ పెదవులు మూసేసింది. స్పర్శే బడి అయిన పిల్లవాడు అంటరాని కులంలో పుట్టి, అంటుకోవద్దన్న కాలంలో తొమ్మిదేళ్లవాడయ్యాడు.

ఇప్పుడు కొంచెం వెనక్కి వెళ్దాం. 2020లో రాష్ట్రాలు ఆంక్షలు పెట్టడానికి వాడిన చట్టం 1897 నాటి అంటువ్యాధుల చట్టం. బొంబాయి ప్లేగు కోసం బ్రిటిష్‌వాళ్లు ఆ ఫిబ్రవరిలో చేశారు. నెల దాటిందో లేదో, మార్చి 10న పూనాలో సావిత్రీబాయి ఫూలే చనిపోయింది. ఎలా? ముంఢ్వా దగ్గర మహర్ వాడలో ప్లేగు సోకిన ఒక పిల్లవాణ్ని వీపు మీద మోసుకుని కొడుకు యశ్వంత్ నడుపుతున్న ఆసుపత్రికి తెచ్చింది. పిల్లవాడు బతికాడు, ఆమెకు రోగం అంటుకుంది. ఒకే ఏడాది రెండు వారసత్వాలు పుట్టాయి: దూరంగా ఉంచే చట్టం ఒకటి, ఎత్తుకుని మోసిన వీపు ఒకటి. 2020లో మనం ఆ చట్టాన్ని దుమ్ము దులిపి తీశాం. సావిత్రీబాయిని జయంతికి ఫ్లెక్సీ మీద వేసుకున్నాం.

ఇంకొక మహమ్మారి 1918 ఇన్‌ఫ్లుయెంజా. మన దేశంలో కోటికి పైగా చనిపోయారు. బొంబాయి నగరం లెక్కలు కులాల వారీగా దొరుకుతాయి: వెయ్యికి యూరోపియన్లు 8.3, మిగతా హిందువులు 18.9, కింది కులాలు 61.6. రోగం కులం చూడదని 2020లో అన్నవాళ్లకు ఈ మూడంకెలూ పంపండి.

ఆ ఇన్‌ఫ్లుయెంజా ఇంకా పూర్తిగా వదలని 1919లోనే మన విజయనగరంలో విజయరామ గానపాఠశాల మొదలైంది. ఇప్పటి మహారాజా సంగీత కళాశాల. దాని పుట్టుక గురించి మా ఊళ్లో అందరూ చెప్పుకునే కథ ఒకటుంది. సంస్థానం ఉద్యోగి చాగంటి జోగారావు గారి కొడుక్కి చూపు లేదు. ఆ అబ్బాయికి ఒక దారి చూపించాలని విజయరామ గజపతి పాఠశాలే పెట్టించాడు. ఆదిభట్ల నారాయణదాసు మొదటి ప్రిన్సిపాల్. చూపు తక్కువై బడి చదువు సాగని ద్వారం వెంకటస్వామి నాయుడు ఇరవై ఆరేళ్లకు అక్కడే వయొలిన్ ఆచార్యుడయ్యాడు. నాకు ఈ కథ ఇష్టం. వెటకారంగా చెప్పడం లేదు. ఒక పిల్లవాడికి చూపు లేకపోతే పిల్లవాణ్ని మార్చకుండా బడిని కొత్తగా కట్టారు, వందేళ్ల కిందట, మన ఊళ్లో. చేయొచ్చు అనడానికి అంతకంటే రుజువేం కావాలి? కాకపోతే తండ్రి రాజుగారి కచేరీలో ఉండాలి. అదే కోట చుట్టూ వీధులు ఊడ్చిన రెల్లి ఇళ్లలో చూపులేని పిల్లలు లేరా? వాళ్ల పేరు ఏ కథలోనూ లేదు.

రాజులు పోయాక చట్టాలు వచ్చాయి. 1974లో వికలాంగ పిల్లలను మామూలు బడుల్లో కలిపే పథకం, 1995లో చట్టం, 2016లో ఇంకో చట్టం. 95లో ఏడు రకాల వైకల్యాలు గుర్తిస్తే 2016లో ఇరవై ఒకటి. ఆ 2016 చట్టం 92వ సెక్షన్ చదవండి. నలుగురు చూసే చోట వైకల్యం ఉన్న మనిషిని అవమానిస్తే ఆరునెలల నుంచి అయిదేళ్ల దాకా జైలు. ఆ వాక్యం ఎక్కడో విన్నట్టు లేదూ? మన 1989 అత్యాచారాల నిరోధక చట్టం వాక్యమే, దాదాపు. మన పోరాటం వాళ్లకు చట్టం భాష ఇచ్చింది. మనం వాళ్లకు ఇంకేమిచ్చాం? మన సభల్లో ‘గుడ్డి ప్రభుత్వం’, ‘కుంటి సాకులు’, ‘అవిటి చట్టం’ లేకుండా ఒక్క ఉపన్యాసం సాగుతుందా? నా సిద్ధాంత గ్రంథంలోనే అలాంటి ఉపమానాలు ఉన్నాయి, ఇప్పుడు చదివితే సిగ్గేస్తుంది. కులం పేరు తిట్టు కాకూడదని కొట్లాడినవాళ్లం, ఒంటి పేరును తిట్టు చేసుకున్నాం. 2015 డిసెంబరులో ప్రధాని ‘దివ్యాంగులు’ అన్నాడు. గాంధీ ‘హరిజనులు’ అన్నట్టే. దేవుణ్ని పేరులోకి తెచ్చినప్పుడల్లా హక్కు ఎక్కడికి పోయిందో వెతుక్కోవాలి.

లెక్కలు కూడా మన గడప దగ్గరికే వస్తాయి. 2011 జనాభా లెక్కల్లో దేశం మొత్తం మీద వైకల్యం ఉన్నవాళ్లు 2.21 శాతం, షెడ్యూల్డ్ కులాల్లో 2.45 శాతం. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 22.66 లక్షల మంది. 2021లో జరగాల్సిన లెక్క కరోనా పేరు మీద ఆగిపోయింది కాబట్టి ఆ రెండేళ్లు ఈ పిల్లల మీద ఏం చేశాయో చెప్పే లెక్కే లేదు. ఒడిశాలోని స్వాభిమాన్ అనే సంస్థ 2020లో చేసిన సర్వే ఒకటి ఉంది: వైకల్యం ఉన్న పిల్లల్లో 43 శాతం మంది ఆన్‌లైన్ చదువు కుదరక మానేద్దామనుకుంటున్నారు. మన పక్క రాష్ట్రమే.

2020 మార్చి చివరి వారంలో కేంద్రం రాష్ట్రాలకు మార్గదర్శకాలు పంపింది. వికలాంగులను చూసుకునే మనుషులు వాళ్ల దగ్గరికి చేరడానికి పాసులివ్వాలి అని ఉంది. మంచి మాట. ఆ మాట రాసినవాళ్ల ఊహలో చూసుకునే మనిషి బయటి నుంచి ఇంటికి వస్తుంది. ఈ తల్లికి పాసు ఇచ్చారు, ఇంట్లోంచి బయటికి పోవడానికి. ‘ఇంటి చదువు’ అనే మాటలోనే ఈ మోసం ఉంది. ఇంట్లో పగలు ఒక పెద్ద మనిషి ఉంటుందని, ఆమెకు చదువు వచ్చని, ఇంటికి ఒక గది ఉందని అది ముందే అనేసుకుంటుంది. ఎవరి ఇల్లది? భోగాపురంలోనే విమానాశ్రయం కోసం ఖాళీ చేయించిన ఊళ్లలో రెల్లిపేట ఒకటి. ఇల్లే ఉన్నచోట ఉండని వాళ్లకు ఇంటి చదువు.

అయినా చదువు జరిగింది. నేను చూశాను. అమ్మమ్మ పెరట్లో ఇసుకలో నడుము లోతు గొయ్యి తవ్వి, పిల్లవాణ్ని అందులో నిలబెట్టి చుట్టూ ఇసుక కూరేది. అలా నిలబడి వాడు వీధి చూసేవాడు. ఎవరు నేర్పారని అడిగితే ‘నేర్పేదేటి? కొబ్బరి మొక్క నాటితే ఇలాగే కదేటి నిలబెడతాం’ అంది. లెక్కలకు చింతపిక్కలు, సముద్రం ఒడ్డు గవ్వలు. ఊరి నిండా జీడితోటలే కదా, జీడిపిక్కలతో చెప్పొచ్చుగా అన్నాను నా తెలివి కొద్దీ. ‘జీడి అంటుకుంటే చెయ్యి పుండైపోద్ది మేస్టారూ’ అని నవ్వింది.

అక్క ఒక నోటు పుస్తకం పెట్టింది. టీచరమ్మ ఫోనులో రాయమందట. తర్వాత టీచరమ్మ అడగడం మానేసినా ఈ అమ్మాయి రాయడం మానలేదు. తేదీ, చేయించిన వ్యాయామం, వాడు కొత్తగా చేసింది. ‘కుడి చేయి భుజం దాకా ఎత్తాడు.’ ‘అమ్మ వచ్చిన చప్పుడు గుర్తుపట్టాడు.’ ‘నాకు పరీక్ష ఫీజు కట్టలేదు, వీడు ఈరోజు ఏమీ చేయలేదు.’ మనం దళితుల చదువుల చరిత్రకు ఆధారాలు లేవంటాం, గెజెట్లలో, మిషనరీల ఉత్తరాల్లో వెతుకుతాం. ఈ పుస్తకం ఆధారం కాదా? నా హాజరు పట్టీ కూడా ఆధారమే, నా మీద. రెండూ పక్కపక్కన పెట్టి చూస్తే నేను ‘ఆ’ వేసిన ప్రతి రోజూ ఆమె పుస్తకంలో ఒక పంక్తి ఉంది.

ఆమె రెండు పేపర్లు ఉండిపోయి ఆలస్యంగా డిగ్రీ పూర్తిచేసింది. తమ్ముడికి ఇప్పుడు పద్నాలుగేళ్లు. 2016 చట్టం ప్రకారం ఆరు నుంచి పద్దెనిమిదేళ్ల దాకా ఉచిత విద్య వాడి హక్కు, అంటే ఇంక నాలుగేళ్లే. పోయిన రెండేళ్లను ఎవరు తిరిగి కలుపుతారు? పద్దెనిమిదిని ఇరవై చేయమని అడుగుదాం అంటున్నాను. మీ మండలంలో భవిత కేంద్రం ఎక్కడుందో, ఇంటి చదువు పట్టికలో ఎంతమంది పేర్లున్నాయో, 2020 తర్వాత ఎన్ని పేర్లు మాయమయ్యాయో సమాచార హక్కు కింద అడగండి. వచ్చిన జవాబులు నాకు పంపండి, పదో భాగం వాటితోనే రాస్తాను.

పుస్తకంలో చివరి పేజీ తేదీ 2021 ఆగస్టు 16. ఏప్రిల్‌లో మళ్లీ మూసిన బడులు తెరిచిన రోజు. ఆమె అనుమతితో ఉన్నదున్నట్టు ఇస్తున్నాను:

‘ఈరోజు బడి తెరిచారు. పొద్దున తలకు నూనె రాసి కూర్చోబెట్టాను. మధ్యాహ్నం దాకా చూశాం, ఎవరూ రాలేదు. గవ్వలు 14 దాకా లెక్కపెట్టాడు. పదిహేనోది నోట్లో పెట్టుకున్నాడు, తీసేశాను.’