యంత్రం ఎవరి డబ్బుతో, ఎవరి ఇష్టంతో? ఒంటారియో ఆసుపత్రులలో విరాళాల పన్ను క్రెడిట్

కెనడాలో వైద్యానికి చేతి డబ్బు పెట్టనక్కర్లేదని మనవాళ్లలో ఉన్న నమ్మకం చాలావరకు నిజమే. 1984 నాటి కెనడా హెల్త్ యాక్ట్ అమల్లోకి వచ్చాక, ఆసుపత్రిలో అవసరమైన చికిత్సకు రోగి దగ్గర బిల్లు వసూలు చేసే ప్రావిన్సుకు కేంద్ర నిధుల్లో కోత పడుతుంది. అయితే ఆ చికిత్సకు వాడే యంత్రాన్ని ఎవరు కొనాలన్నది వేరే సంగతి. ఒంటారియోలో కొత్త ఆసుపత్రి కడితే, అర్హమైన నిర్మాణ వ్యయంలో 90 శాతం వరకు ప్రావిన్సు ప్రభుత్వం ఇస్తుంది. మిగతా 10 శాతమూ, మంచాల నుంచి ఎమ్మారై దాకా పరికరాల ఖర్చులో అధిక భాగమూ స్థానికులే సమకూర్చుకోవాలి. దీనికి అక్కడ ‘లోకల్ షేర్’ అని పేరు. పార్కింగ్ రుసుములు, ఆసుపత్రి సొంత నిల్వలు కొంత ఆదుకుంటాయి. పెద్ద బరువు మాత్రం ఆసుపత్రికి అనుబంధంగా ఉండే ఫౌండేషన్ మీద, అంటే విరాళాల మీద పడుతుంది.

ఆ విరాళాల వెనుక పన్ను చట్టం నిలబడి ఉంది. దాతకు పన్ను రాయితీ ఇవ్వడం కెనడాలో 1930లోనే మొదలైంది. అప్పట్లో విరాళాన్ని ఆదాయంలోంచి మినహాయించేవారు. దాంతో ఎక్కువ శ్లాబులో ఉన్నవాడికి ఎక్కువ లాభం దక్కేది. 1988లో మినహాయింపు తీసేసి, కట్టవలసిన పన్నులోంచే నేరుగా తగ్గించే క్రెడిట్ తెచ్చారు. 2024 రేట్లతో ఒక లెక్క చూద్దాం. ఒంటారియోలో మధ్యతరగతి ఉద్యోగి ఆసుపత్రి ఫౌండేషన్‌కు 1,000 డాలర్లు ఇచ్చాడు. మొదటి 200 మీద కేంద్రం 15 శాతం, మిగిలిన 800 మీద 29 శాతం, మొత్తం 262 డాలర్లు తగ్గిస్తుంది. ప్రావిన్సు 5.05, 11.16 శాతాల చొప్పున మరో 99 డాలర్ల పైచిలుకు తగ్గిస్తుంది. అంటే అతని చేతినుంచి నిజంగా పోయింది దాదాపు 639 డాలర్లు. తక్కిన 361 డాలర్లు ప్రజల ఖజానావి. అదే అతను 200 డాలర్లే ఇచ్చి ఉంటే ఖజానా వాటా దాదాపు 40 డాలర్లే. పన్నే పడని వృద్ధురాలు పింఛనులోంచి 50 డాలర్లు ఇస్తే ఆమెకు తిరిగి వచ్చేది ఏమీ లేదు, ఎందుకంటే ఈ క్రెడిట్ పన్నును తగ్గిస్తుందే గాని నగదుగా చేతికి రాదు.

ఆస్తిపరులకు ఇంకో దారి ఉంది. 10,000 డాలర్లకు కొన్న లిస్టెడ్ కంపెనీ షేర్ల విలువ 50,000కు పెరిగిందనుకుందాం. వాటిని అమ్మితే లాభంలో సగం పన్ను లెక్కలోకి వస్తుంది. అమ్మకుండా షేర్లనే ఫౌండేషన్‌కు బదిలీ చేస్తే, 2006 నుంచి ఆ లాభం మీద మామూలు ఆదాయపు పన్ను లేదు. రశీదు మాత్రం పూర్తి 50,000కూ ఇస్తారు. ఏటా నికర ఆదాయంలో 75 శాతం వరకు విరాళాలు చూపించుకోవచ్చు, మిగిలినదాన్ని ఐదేళ్ల వరకు వాడుకోవచ్చు. 2017లో టొరంటోలోని పీటర్ మంక్ కార్డియాక్ సెంటర్‌కు ఆ పేరుగల దాత 10 కోట్ల డాలర్లు ప్రకటించారు. ఇలాంటి దాతృత్వాన్ని తక్కువ చేసి మాట్లాడడం నాకు సమ్మతం కాదు. ఆ డబ్బు ప్రాణాలు నిలిపింది. నా అభ్యంతరమల్లా ఏర్పాటు మీదే: ఖజానా ఎంత వదులుకోవాలో, ఆ సొమ్ము ఏ ఊరి ఆసుపత్రికి చేరాలో దాత నిర్ణయిస్తున్నాడు. రోగుల రద్దీకి, పాత యంత్రం వయసుకు అందులో చోటు లేదు. కోటీశ్వరులు దగ్గరలో ఉన్న ఆసుపత్రికి నిధులు త్వరగా కూడతాయి. గని మూతపడ్డ ఉత్తరాది పట్టణానికి కూడవు. పైగా స్కానర్ మీద దాత పేరు ఫలకం పెట్టవచ్చు. శస్త్రచికిత్స పనిముట్లను శుద్ధిచేసే స్టెరిలైజర్ కోసం విందు ఏర్పాటు చేసి చందాలు అడగడం కష్టం, అది లేకుండా ఆపరేషన్ థియేటర్ తలుపు తెరుచుకోదు.

ఒంటారియోలోని బ్రాంప్టన్, మిస్సిసాగాలలో స్థిరపడ్డ తెలుగువాళ్లు, ఇక్కడ విరాళాలకు పన్ను రాయితీ ఇచ్చే 80జి సెక్షన్ పద్ధతికి అలవాటుపడి వెళ్లినవాళ్లు. 1961 నాటి మన ఆదాయపు పన్ను చట్టంలో అది క్రెడిట్ కాదు, మినహాయింపు; కొత్త పన్ను విధానం ఎంచుకున్నవారికి అదీ ఉండేది కాదు. డబ్బు రూపంలో ఇచ్చిన విరాళానికే అది వర్తించేది. డయాలిసిస్ యంత్రాన్నే కొని ఆసుపత్రికి అప్పగించిన దాతకు 80జి కింద ఏమీ వచ్చేది కాదు. కెనడాలో వస్తు రూపంలో ఇచ్చినా మార్కెట్ విలువకు రశీదు దొరుకుతుంది. ఈ విషయంలో వాళ్ల చట్టమే దాత మనసుకు దగ్గరగా ఉంది.

మళ్లీ లోకల్ షేర్ సంగతికి వస్తే, ఒంటారియోలోనే విండ్సర్ నగరం వేరే దారి ఎంచుకుంది. కొత్త ఆసుపత్రి లోకల్ షేర్ కోసం, ఎసెక్స్ కౌంటీతో కలిసి 20 కోట్ల డాలర్లు సమకూర్చేందుకు, 2016లో అక్కడి కౌన్సిల్ ఆస్తిపన్నులో ప్రత్యేక వసూలుకు ఓటేసింది. ఇల్లున్న ప్రతివాడూ తన ఇంటి విలువ కొద్దీ చెల్లిస్తాడు. ఇది చందాకన్నా న్యాయంగా తోస్తుంది, కాని పేద ఊరి ఇళ్ల విలువ తక్కువన్న లోటును ఇదీ పూడ్చలేదు. ఆ లోటు పై ప్రభుత్వాలే తీర్చాలి. అది వాళ్లకు చేతకానిదేమీ కాదు. 2000లో కేంద్రం వైద్య పరికరాల కోసమే 100 కోట్ల డాలర్ల నిధి పెట్టింది, 2003లో మరో 150 కోట్లు చేర్చింది. ఆ డబ్బు ప్రావిన్సులకు జనాభా లెక్కన పంచారు. కొందరు దాన్ని పచ్చిక కోసే యంత్రాలకు ఖర్చుపెట్టారని అప్పట్లో విమర్శలు వచ్చాయి. అంటే లెక్క గట్టిగా అడగాలి, నిధి ఎత్తెయ్యాలని కాదు. క్రెడిట్ రూపంలో ఖజానా ఏటా వదులుకునే మొత్తంలో ఆసుపత్రి ఫౌండేషన్ల వాటా ఎంతో ప్రావిన్సుల వారీగా, ఊళ్ల వారీగా బయటపెట్టి, తక్కువ విరాళాలు వచ్చిన ఆసుపత్రికి దానికి సరితూగే గ్రాంటు ఇచ్చే పద్ధతిని ఒంటారియో ముందుగా చేపట్టాలని నా ప్రతిపాదన.