తొమ్మిది రోజుల తీజ్

హైదరాబాద్ నుంచి విజయవాడ రోడ్డు మీద ఎల్బీనగర్, హయత్‌నగర్ దాటితే అబ్దుల్లాపూర్‌మెట్ వస్తుంది. 2016లో కొత్త జిల్లాలు ఏర్పడినప్పుడు ఇది మండలమైంది. నల్లగొండ, దేవరకొండ వైపు తండాల నుంచి చదువుకో, కూలికో, ఉద్యోగానికో వచ్చిన మన లంబాడీలు ఈ తూర్పు శివార్లలో ఎందరో ఉన్నారు. ఇప్పుడు శ్రావణం వస్తే నగరంలోనూ తీజ్ బుట్టలు కనిపిస్తున్నాయి. సంతోషమే. అయితే మనం తిరిగి తెచ్చుకుంటున్నది పండుగనా, పండుగ వేషాన్నా?

మన పూర్వీకులు ఎద్దుల మీద ఉప్పు, ధాన్యం వేసుకొని దేశమంతా తిరిగి అమ్మారు. దాన్నే లదేణి అన్నారు. రైళ్లు వచ్చాక ఆ బతుకుదెరువు పోయింది. 1871 నాటి నేరస్థ జాతుల చట్టంతో బ్రిటిష్ పాలకులు పలుచోట్ల మనవాళ్ల మీద దొంగలన్న ముద్ర వేశారు. తిరిగే జాతి తండాలు కట్టుకొని సేద్యంలోకి దిగింది. గోర్ బోలీకి సొంత లిపి లేదు. అందుకే మన చరిత్ర కాగితం మీద కన్నా పాటలో, పండుగలో ఎక్కువగా నిలిచింది.

తీజ్ నాయక్ అనుమతితో మొదలవుతుంది. పెళ్లికాని ఆడపిల్లలు బుట్టల్లో మట్టి, ఎరువు నింపి గోధుమలు చల్లుతారు. తొమ్మిది రోజులు పూటపూటా నీళ్లు పోస్తూ పాడతారు. రేగుముళ్లకు శనగలు గుచ్చుతుంటే మగపిల్లలు కొమ్మ కదిపి ఆటపట్టిస్తారు. చివరి రోజు మొలకలను పెద్దలకు పంచి, మిగిలినవి నీళ్లలో కలుపుతారు. అప్పుడు పిల్లలు ఏడుస్తారు. పెళ్లయి తండా విడిచే రోజు వాళ్ల కళ్లముందు ఉంటుంది. పాట, వరుసలు, పెద్దల మాట, తోటివాళ్లతో కలిసి పనిచేయడం, అన్నీ ఆ తొమ్మిది రోజుల్లోనే నేర్చుకుంటారు.

నగరంలో తొమ్మిది రోజుల సెలవు ఎవరికీ దొరకదు. అద్దె ఇంట్లో బుట్ట కట్టడానికి చోటు ఉండదు. అందుకే చాలాచోట్ల తీజ్ ఒక్క ఆదివారానికి కుదించుకుపోతోంది. మొలకలు ఎవరో ఒకరు పెంచి తెస్తారు, డీజే మోగుతుంది, ఫేటియా కాంచళి వేసుకొని ఫొటోలు దిగుతాం. ఇందులో ఎవరినీ తప్పుపట్టలేం. కానీ తొమ్మిది రోజుల పాటలు ఒక్క పూటలో పట్టవు. పాడనివి మరుపున పడతాయి.

మేడారం చూడండి. 1996లో ప్రభుత్వం ఆ జాతరను రాష్ట్ర పండుగ చేసింది. లక్షల జనం వస్తారు. అయినా చిలకలగుట్ట నుంచి సమ్మక్కను తెచ్చేది కోయ పూజారులే. జనం పెరిగినా, మైకులు వచ్చినా, అసలు పని ఆ జాతి చేతిలోనే ఉంది. తీజ్‌కూ అదే కావాలి.

1976 చట్టంతో తెలంగాణ లంబాడీలకు ఎస్టీ హోదా వచ్చింది. 2022లో బంజారాహిల్స్‌లో బంజారా భవన్ ప్రారంభమైంది. ఇవి పోరాడి తెచ్చుకున్నవి. కానీ గోర్ బోలీ నేటికీ రాజ్యాంగం 8వ షెడ్యూల్‌లో లేదు. సర్టిఫికెట్ మన జాతి పేరు చెబుతుంది, నాయనమ్మ పాట చెప్పదు.

యువతీ యువకులారా, హాస్టల్ గదిలోనైనా ఒక బుట్ట పెట్టండి. వంతులు వేసుకొని తొమ్మిది రోజులూ నీళ్లు పోయండి. రోజుకొక పాట ఇంటికి ఫోన్ చేసి పెద్దవాళ్ల దగ్గర నేర్చుకోండి. ఉపాధ్యాయులారా, ఆ పాటలను తెలుగు లిపిలో పిల్లలచేత రాయించండి, అర్థం అడగండి. ఆదివారం వేదిక ఎలాగూ ఉంటుంది. దాని వెనుక ఈ తొమ్మిది రోజులు ఉంటేనే అది తీజ్ అవుతుంది.