ఖలాసీ తాతల రైలు

పాల్వంచ వాళ్లు రైలెక్కాలంటే పక్కనున్న కొత్తగూడెం పోవాలి. అక్కడి స్టేషన్ పేరు భద్రాచలం రోడ్. రాముడి దర్శనానికి పోయేవాళ్లు అక్కడ దిగి పాల్వంచ మీదుగా గోదావరి ఒడ్డుకు చేరతారు. కారేపల్లి నుంచి ఆ లైను 1927లో వచ్చింది. వేసింది నిజాం రైల్వే. తెచ్చింది మాత్రం భక్తి కాదు, బొగ్గు.

ఈ రైలు మాట రాగానే ముస్లింకు రెండు మాటలు వినిపిస్తాయి. 'మీ నిజాం కట్టించిండు' అని ఒకరు. 'మీ నిజాం దోచిండు' అని ఇంకొకరు. పొగడ్తలోనూ తిట్టులోనూ ఆ 'మీ' ఉంది. ముందు దాని సంగతి తేలాలి.

1883లో చాందా రైలు పథకం మీద హైదరాబాద్‌లో గొడవ లేచింది. రైలు వద్దని కాదు, లండన్ కంపెనీతో ఒప్పందం ఏమిటో జనానికి చెప్పమని. అడిగినవాళ్లలో సరోజినీ నాయుడి తండ్రి అఘోరనాథ్ ఛటోపాధ్యాయ ఉన్నారు, ముల్లా అబ్దుల్ ఖయ్యూం ఉన్నారు. అఘోరనాథ్‌ను రాజ్యం నుంచి వెళ్లగొట్టారు. కంపెనీ పెట్టుబడికి ఏటా 5 శాతం రాబడి ఖాయమని సర్కారు హామీ ఇచ్చింది. నిజాం గ్యారంటీడ్ స్టేట్ రైల్వే అన్న పేరులోని 'గ్యారంటీ' అదే. ఆ హామీ బరువు మోసింది రైతు కట్టిన శిస్తు. 1886లో గనుల హక్కులు కూడా ఇంకో లండన్ కంపెనీకి పోయాయి. ఆ బేరంలోని అవకతవకల మీద 1888లో బ్రిటిష్ పార్లమెంటే విచారణ జరపాల్సి వచ్చింది. ఇల్లెందు బొగ్గు డోర్నకల్ మీదుగా కదిలింది ఆ రోజుల్లోనే.

మరి మనవాళ్లు ఎక్కడున్నారు? ఇంజన్ షెడ్డులో ఉన్నారు. ఆవిరి ఇంజన్‌కు బొగ్గెంత కావాలో నీళ్లూ అంత కావాలి. అందుకే షెడ్డు ఉన్నచోట ఎత్తయిన నీళ్ల ట్యాంకు ఉండేది. పంపుతో పైకెక్కించిన నీళ్లు గొట్టంలోంచి వాటంతట అవే ఇంజన్ వెనక తొట్టిలోకి దూకేవి. గుంటలోకి దిగి వేడి బూడిద తీసేవాడు ఖలాసీ. చల్లారిన బాయిలర్ కడిగేవాడు ఖలాసీ. తెల్లారి బండి కదలాలంటే గంటల ముందు నిప్పు రాజేయాలి. ఆ మసిలో ముస్లిం పేదలూ దళితులూ పక్కపక్కనే పనిచేశారు. ఖలాసీ అన్న మాట ఉర్దూ నుంచి వచ్చి తెలుగైపోయింది. నిజాం మనకు తాత కాదు. ఖలాసీ తాత. నిజాం పాలన మీద తిరగబడ్డ మఖ్దూం మొహియుద్దీన్ సింగరేణి కార్మికులకు సంఘం కట్టినవాళ్లలో ఒకరు. ఆయనా మన తాతే.

1951లో నిజాం రైల్వే భారత రైల్వేలో కలిసింది. 1990ల మధ్యకల్లా బ్రాడ్‌గేజి మీద ఆవిరి ఇంజన్లు ఆగిపోయాయి. డీజిల్‌కు ట్యాంకు నీళ్లు అక్కర్లేదు, నిప్పు రాజేసే మనిషీ అక్కర్లేదు. షెడ్డూ ట్యాంకూ ఖలాసీ ఒకేసారి పనికిరాకుండా పోయారు.

2024 ఆగస్టు 5న పాల్వంచలో పాత థర్మల్ కేంద్రం కూలింగ్ టవర్లు ఎనిమిదింటిని పేల్చి కూల్చేశారు. పాడుబడిన షెడ్లూ ట్యాంకులూ రేపు అట్లాగే పోవచ్చు. రాళ్లు పోతే పోనీ. ఇంట్లో పెద్దవాళ్లుంటే అడగండి, షెడ్డులో ఎవరేం పని చేశారో, చేతులెట్లా కాలాయో. రాసి పెట్టండి. మనం రాయకపోతే ఆ గోడల మీద నిజాం పేరొక్కటే మిగులుతుంది. దానికి జవాబు చెప్పమని మళ్లీ మన పిల్లల్నే నిలబెడతారు.